జిలాని పలికేదాకా

గుండ్లకమ్మ పొంగి వంతెనల మీదుగా పారిన ఏడు పోయింది. దాని మరుసటి ఏడు, మృగశిర కార్తె వచ్చిన వారంలో, ఒక సాయంత్రం చెన్నకేశవులు తన ముందుగదిలో నులకమంచం మీద కూర్చుని ఒక్క మాట చెప్పలేక ఊరకుండిపోయాడు. అడిగింది షాయిస్తా, పాత నేస్తం జిలాని కూతురు. మార్కాపురం బస్టాండు పక్కన నెట్ దుకాణం నడుపుకునే పిల్ల. ఈ గదిలో చెక్కబల్ల మీదున్న కంప్యూటరును తెచ్చి పెట్టిందీ, దానికి జబ్బు చేస్తే వచ్చి చూసేదీ ఆమే. బల్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తెర మీదనుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"పెదనాయనా, అబ్బా పేరు తీసేస్తే పేజీ మళ్ల ఎప్పటి మాదిరి తెరుచుకుంటది. తీసేమంటావా?"

అడిగి చాలాసేపయింది. ఆమె తొందరపెట్టలేదు. ఈ మనిషి సంగతి ఆమెకు తెలుసు. మాట అడిగితే ముందు తువ్వాలు దులుపుతాడు, తర్వాత గొంతు సవరించుకుంటాడు, ఆ తర్వాత చాలావరకు ఏమీ చెప్పడు. ఈరోజు తువ్వాలు కూడా దులపలేదు. వాకిట్లోంచి చూస్తే అడివి పక్క మబ్బు లేస్తోంది. నల్లమల మీది మబ్బు దుప్పటి పరిచినట్టు రాదు, ఒక మూల నుంచి పొయ్యి పొగలా లేస్తుంది, ఇది మనదాకా వచ్చేది కాదులే అనిపిస్తుంది. ఇట్లాంటి మబ్బును జిలాని 'మేనమామ మబ్బు' అనేవాడు. వస్తానని చెప్పి రాడు, చెప్పకుండా వచ్చి వారం ఉంటాడు అనేవాడు. అనేవాడు. ఈ 'అనేవాడు' నోట్లో ఇంకా సరిగా కూర్చోలేదు, కొత్త చెప్పులా ఎక్కడో ఒరుసుకుంటోంది. వంటింట్లో భార్య వెంకటసుబ్బులమ్మ కందిపప్పు ఎసట్లో వేసింది, ఆ వాసన ముందుగదిలోకి వచ్చింది. బల్ల కింద పెట్టె గుర్రుగుర్రుమంటోంది, నిద్రపోయే మనిషి లాగా.

ఆ పెట్టెలో ఉన్నది వానల సైటు. ఎక్కడో పట్నంలో అద్దెకు పెట్టిన సైటు కాదు, ఈ ఇంటి కరెంటు తాగి ఈ బల్ల కిందే బతికేది. కేబులు నెట్టు తీగ ఈ ఇంటి స్తంభం దాకా వచ్చి ఆగింది గనుక ఇక్కడ పెట్టారు. పుల్లలచెరువు అవతల అడివి అంచు నుంచి ఇటు వాగు వెంబడి ఉన్న ఊళ్లలో ఊరికొకరు డబ్బా పెట్టి వాన కొలుస్తారు. వాగులో నీళ్లు ఏ మాత్రం ఉన్నాయో చూస్తారు. ఎవరి కబురు వాళ్లే ఫోనులోంచి ఈ పెట్టెలోకి ఎక్కిస్తారు. కింది ఊళ్లవాళ్లు అది చూసుకుని విత్తాలా ఆగాలా, వాగు దాటాలా గట్టునే ఉండాలా తేల్చుకుంటారు. మొదట్లో వేలు పెట్టగానే తెరుచుకునేది. వరద తర్వాత మొరాయించింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. బేస్తవారిపేటలో ఉండే వెంకటసుబ్బులమ్మ తమ్ముడి కొడుకు కరుణాకరం, ఇక్కడ తన చేను కౌలుకిచ్చినవాడు, ఫోను చేసి, "మామా, మీ పేజీ తెరుచుకునేసరికి వాన వచ్చి, కురిసి, ఇంటికి గూడ పోతాంది" అన్నాడు. చెన్నకేశవులు ఊఁ అన్నాడు.

ఈ పిల్ల ఆ పెట్టెకు చేయని వైద్యం లేదు. దుకాణం మూసిన రోజున స్కూటీ మీద వచ్చేది. మొదట మూత విప్పి సైకిలు పంపుతో లోపలి దుమ్మంతా ఊదింది. ముందుగది నిండా దుమ్ము లేస్తే వెంకటసుబ్బులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా ఆయన్ను గూడ ఒకసారి ఊదమ్మా, లోపల ఇరుక్కున్న మాటలేమన్నా బయటపడతాయేమో అంది. ఆ రోజు షాయిస్తా నవ్వింది, ఆమె తండ్రి పోయిన తర్వాత నవ్వడం అదే మొదలు. ఆ తర్వాతి వారం ఫోటోల పని పట్టింది. మబ్బు ఫోటో పెట్టండని చెబితే జనం మబ్బుతో పాటు మనవరాలినీ, కొత్త ట్రాక్టరునూ, పండక్కి కోసిన పొట్టేలునూ పెట్టారు, ఒక్కొక్కటీ గోడంత ఫోటో. అన్నిటినీ చిన్నవి చేసింది. ఇంకో వారం, ఎవరు ఒక్క అక్షరం దిద్దినా పెట్టె పాతదాన్ని పారేయకుండా దాచుకుంటోందని కనిపెట్టి, ఆ దాపుడు సరుకంతా ఊడ్చి పోసింది. ఇంకో వారం, వండిన కూర మూతపెట్టి ఉంచినట్టు పేజీని సిద్ధంగా చేసి ఉంచితే అడిగినవాళ్లకు అడిగినట్టు ఇచ్చేయొచ్చంది, మళ్లీ తనే తల అడ్డంగా ఊపి, పొద్దుటి వాగు కబురు మధ్యాహ్నానికి ఇస్తే మనుషులు పోతారని ఆ ఆలోచన మానుకుంది. జ్ఞాపకశక్తి ముక్క ఇంకొకటి కొని తగిలించింది. ప్రతిసారీ కాస్త చురుకొచ్చినట్టే ఉండేది, మళ్లీ చక్రం. "ఏందో పెదనాయనా, దొరకడంలా" అనేది. "నిదానంగా చూడమ్మా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు తన గొంతులో వినిపించిన నెమ్మది ఎక్కడిదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు మంచం మీద కూర్చుంటే అదే వచ్చి ఎదురుగా కూర్చుంది.

మొన్నటి వాన లేకపోతే ఇంకా ఎన్నాళ్లు నిదానంగా చూసేవాళ్లో. మొన్న అడివి పక్క గట్టిగా పడింది. పై ఊళ్లో డబ్బా చూసే సునీత, వాగు వస్తాంది ఎవురూ దిగొద్దు అని వెంటనే రాసింది. ఆ రాత ఈ పెట్టెలోకి వచ్చింది, ఇక్కడే, ఈ బల్ల కిందే ఉంది. కింది ఊరి గొర్రెల అబ్రహాము మందతో గట్టున నిలబడి ఫోను చూస్తున్నాడు. చక్రం తిరుగుతోంది. చూసి చూసి ఫోను జేబులో పెట్టుకుని దిగాడు. ఒడ్డున కానుగ కొమ్మ చేతికి దొరికింది కాబట్టి మనిషి మిగిలాడు. రెండు గొర్రెలు పోయాయి. నిన్న వచ్చాడు, తగువుకు కాదు. గడప మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, "ఇంకొంచేపు ఆగాల్సింది కేశవులన్నా, తప్పు నాదే" అని పోయాడు. తిట్టి పోయినా బాగుండేది. ఆ 'తప్పు నాదే' రాత్రంతా పక్కలో పడుకుంది. పొద్దున ఎన్నడూ తనంతట తాను ఫోను చేయని మనిషి షాయిస్తాకు చేసి, ఒకసారి రామ్మా అన్నాడు, అంతే. ఆమె ఎందుకని అడగలేదు. వచ్చింది, కుర్చీలో కూర్చుంది, పెట్టె తెరిచి నేరుగా ఒకచోటికి పోయింది, చీమల బారులా ఉన్న రాతల్లో ఒక వరస మీద బాణం గుర్తు నిలబెట్టింది. "ఇదే" అంది.

వెతకలేదు. చీకట్లో కూడా సొంతింట్లో ఉప్పు డబ్బా మీద చెయ్యి పడ్డట్టు పడింది ఆమె చెయ్యి. అది చూశాకే చెన్నకేశవులు మంచం మీద కూలబడ్డాడు.

ఆ వరస తెలియనిదా. తను చెప్పి రాయించినదే. తనూ జిలానీ ఇదే మంచం మీద పక్కపక్కన కూర్చుని రాయించారు. దాని మొదలు ఈ గదిలో లేదు, ఇంకా ఎక్కడో ఉంది, పలకల గనిలో ఉంది. మూడో తరగతిలో ఉండగా నాయన బడి మాన్పించి గనికి తీసుకుపోయాడు, రాసే పలక ఇంట్లో పెట్టి చీల్చే పలక పట్టుకున్నాడు. మీసాలు వచ్చే వయసుకు పైరాయికి మందు కూరి వత్తి ముట్టించే పని చేతికొచ్చింది. గనిలో ఒక పద్ధతి ఉండేది. వత్తి ముట్టించే ముందు పైనున్న మనిషి లోపల ఆఖరున మిగిలిన మనిషిని పేరు పెట్టి పిలవాలి. లోపలి మనిషి పలకాలి, పలికి పైకి రావాలి. పలుకు రాకుండా నిప్పు పెట్టగూడదు. ఆఖరి మనిషి ఎప్పుడూ జిలానీయే, అందరూ పారేసిన ఉలులూ సుత్తులూ ఏరుకుని గాని రాడు. ఒకరోజు పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచాడు. వాన చినుకు మొదలైంది, మందు తడుస్తుందని మేస్త్రీ అరిచాడు, వాడు అవతలి దారిన ఎప్పుడో పోయుంటాడు ముట్టించరా అన్నాడు. చెన్నకేశవులు వెళ్లి వత్తి మీద కూర్చున్నాడు. మేస్త్రీ తల్లిని తిట్టాడు, తండ్రిని తిట్టాడు, చినుకులు వానయ్యాయి, ఆయన వత్తి మీదే కూర్చున్నాడు. ఎప్పటికో లోపల్నుంచి, పిల్లి కూత అంత సన్నగా, ఉన్నా రా అని వినిపించింది. పలక జారి కాలి మీద పడి స్పృహ తప్పిందంట. ఆ తర్వాత బతికినన్నాళ్లూ జిలాని ఎడమ కాలు కాస్త ఈడ్చేవాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. గనుల పని పడిపోయి తను చేనికొచ్చాడు, జిలాని తన భార్య ఖాతూన్బీ ఊరికి పోయి మేకలు పెట్టుకున్నాడు, అప్పుడూ ఎత్తలేదు. వాన పడిందా అని ఒకరూ పడింది లేదా పడలేదని ఒకరూ ఫోనులో చెప్పుకుని పెట్టేసేవాళ్లు. ఇంతకన్నా ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు, మాట్లాడకపోవడం లోటనీ తెలియదు.

షాయిస్తా ఈ సైటు కడుతున్నప్పుడు, మొదట ఏ ఊరి కబురు చూపించాలని అడిగింది. జిలాని ఊరు అన్నిటికన్నా పైన, అడివి అంచున, నీళ్లు అక్కణ్నుంచే దిగాలి. అక్కడ ఇంటి వెనక వాగు గట్టున ఇనుప కడ్డీకి అరచేయంత పెట్టె కట్టింది ఆమె, సిమ్ము వేసి, పైన ఎండకు బతికే చిన్న పలక పెట్టి. అడిగితే వాన ఎంత, వాగు ఎంత అని అదే చెబుతుంది. నేను నోరు తెరిచే లోపలే పలుకుతాంది, మా ఇంటామె మాదిరి అని జిలాని మురిసిపోయేవాడు. అయితే పేజీ తెరిచే ముందు జిలానిని అడగాల, ఆయన పలికినాకే తక్కినోళ్లు అన్నారు ఇద్దరూ. ఆమె నవ్వింది. "పలక్కపోతే ఎంతసేపు ఆగమంటారు?" అంది. "పలికేదాంక" అన్నాడు చెన్నకేశవులు. జిలాని కాలు నిమురుకుంటూ తల ఊపాడు. కంప్యూటరుకు అట్లా హద్దు లేకుండా చెప్పకూడదంట. అది ఒప్పుకునేంత ఎక్కువ సేపు పెట్టింది. ఇంకెవరైనా ఆ నియమం కంప్యూటరుకు పెట్టరు. గనిలో పెరిగిన ఇద్దరు ముసలివాళ్లు పెట్టించారు, వాళ్లంటే ప్రాణమైన పిల్ల పెట్టింది.

వరద ఆ కడ్డీని పెట్టెతో సహా ఎత్తుకుపోయింది. జిలాని ఫోను చేసి, "కొట్టుకపోయినాది రా. పోనీలే, రంజాన్ అయినాక కొత్తది కడదాం" అన్నాడు. అంతవరకూ నోటితోనే చెబుతానన్నాడు, చెప్పాడు. చలికాలంలో దగ్గు పట్టింది, గని దుమ్ము పాతబాకీలా లోపలే ఉంది. నెలవంక కనిపించక ముందే పోయాడు. చెన్నకేశవులు బస్సెక్కి పోయి పిడికెడు మన్ను వేసి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాడు, ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడవలసిన మనిషి మన్ను కింద ఉన్నాడు. తెల్లారి లేచి పేజీ తెరిచాడు. చక్రం తిరిగింది. పెట్టె జిలానిని పిలుస్తోంది. చాలాసేపటికి చక్రం ఆగి, పైన ఒక వరస వచ్చింది. మూడేళ్ల చదువు, ఒక్కో అక్షరం మీద చెయ్యి వేసుకుంటూ పోవాలి. జి. లా. ని. జవాబు లేదు. మరుసటి రోజూ తెరిచాడు. ఆ తర్వాత రోజూ. ఆ వరస చదవడానికి కాదు. చక్రం మొదలయ్యాక, ఆ వరస రాకముందు, నడుమ కాసేపు ఉంటుంది. ఆ కాసేపు జిలాని పలకలేదని ఇంకా తేలదు. ప్రతి పొద్దునా ఆ కాసేపు ఈ మంచం మీద కూర్చుని, వత్తి మీద కూర్చున్నట్టే, ఎవరేమన్నా కదలకుండా కూర్చునేవాడు. కరుణాకరం నవ్వినప్పుడు, ఊళ్లవాళ్లు గొణిగినప్పుడు, ఈ పిల్ల దొరకడంలా అన్నప్పుడల్లా లోపల ఎక్కడో తేలికపడేవాడు. నిదానంగా చూడమ్మా. ఆ నెమ్మది అక్కడిది. ఆ నెమ్మది చక్రంలా తిరిగి తిరిగి అబ్రహాము కాళ్ల కింద వాగయింది.

ఉరిమింది, దూరంగా. వెంకటసుబ్బులమ్మ వాకిట్లో ఆరేసిన బట్టలు తీసుకుంటూ ఇటు ఒకసారి చూసి లోపలికి పోయింది. షాయిస్తా కుర్చీలో తిరిగి కూర్చుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, చుట్టి విప్పుతోంది.

"మొదటి వారమే కనబడినాది పెదనాయనా" అంది. "చెప్పలేదు నీకు."

"ఊఁ."

"ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచేటోళ్లు లేరు ఇప్పుడు. అమ్మీ ఎప్పుడూ పేరుతో పిలవదు, మేమూ పిలవం. ఇదొక్కటే పిలుస్తాంది."

ఆయన ఆమెను చూశాడు. ఫోటోలు చిన్నవి చేసిన వారాలు, దుమ్ము ఊదిన వారాలు, ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇంతకాలం ఈ పిల్ల తండ్రి పేరు చుట్టూ ఇల్లంతా ఊడ్చింది, ఆ పేరున్న చోట తప్ప. తనకూ చెప్పాలనిపించింది, నేనూ అంతేనమ్మా అని. నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె మాత్రం ఆ మాట విన్నట్టే తల ఊపింది.

"పాత వానలన్నీ అట్లనే ఉంటాయి. అబ్బా చెప్పినవి ఏవీ పోవు. అడిగేది ఒక్కటే పోతది" అంది. కాసేపాగి, "ఇంకో దారి గూడ ఉంది. ఇది ఒక పక్క అడుగుతా ఉంటది, పేజీ మాత్రం దాని కోసరం ఆగదు. ఎవురికీ ఇబ్బంది ఉండదు" అంది. అనేటప్పుడు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతయింది, ఇంకొక్క రోజు ఉంటానని అడిగే పిల్ల గొంతు.

అది బాగానే ఉంది. అబ్రహాము గట్టునే ఉంటాడు, పెట్టె పిలుస్తూ ఉంటుంది. చెన్నకేశవులు ఆ మాటను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, పలకను వెలుగుకు పెట్టి బీట ఉందేమో చూసినట్టు. గని పైన నిలబడి జిలానీ అని ఒక కేక వేసి, ఆ కేక గాలిలో ఉండగానే వత్తి ముట్టించినట్టుంది అది.

"ఆగకుండా అడిగేది అడిగినట్లా, అమ్మా" అన్నాడు.

ఆమె తల వంచుకుంది.

"తీసెయ్."

ఆమె చెయ్యి కదల్లేదు. బాణం గుర్తు ఆ వరస మీద మినుకుమినుకుమంటోంది. ఏ మీట అని అడిగాడు. చూపించింది. మోకాళ్లు పట్టుకుని లేచి, బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. గనిలో నలిగి గోరు చదునైన చూపుడువేలు మీట మీద పెట్టాడు. పెట్టి, తల ఎత్తి, వాకిలి వైపు, వాకిలి దాటి మబ్బు లేస్తున్న వైపు తిరిగి, "జిలానీ" అని పిలిచాడు. గనిలో పిలిచిన పిలుపే అది, అంత పెద్ద గొంతు ఆ మనిషిలో ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెట్టు కింద కోళ్లు బెదిరి లేచాయి. వెంకటసుబ్బులమ్మ గరిటెతోనే వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. షాయిస్తా లేచి నిలబడింది. ముగ్గురూ విన్నారు. గాలికి వాకిట్లో బకెట్టు దొర్లింది. పప్పు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది, అయినా ఆమె కదల్లేదు. ఆయన ఆగాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగాడు. తర్వాత మీట నొక్కాడు.

షాయిస్తా తన ఫోను తీసి పేజీ మీద వేలు పెట్టింది. చక్రం రాలేదు. అన్ని ఊళ్లూ ఒక్కసారే వచ్చి నిలబడ్డాయి, పైన సునీత రాత, వాగు తగ్గింది కానీ మబ్బు పట్టింది, చూసి దిగండి. కూడబలుక్కుని చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, చదివేదాకా ఆమె ఫోను పట్టుకుని నిలబడింది.

వాన మొదలయ్యేలోపు పోవాలని ఆమె స్కూటీ తీసింది. వెంకటసుబ్బులమ్మ గిన్నెలో పప్పు పోసి మూత బిగించి సంచిలో పెట్టి, సగం పొయ్యి తాగిందమ్మా, మిగిలింది అమ్మీకి ఇయ్యి అంది. షాయిస్తా హెల్మెట్టు పెట్టుకుంటూ ఆగి, దారిలో అందరి చేలూ విత్తి ఉన్నాయి, మీ చేను ఒక్కటే దున్ని వదిలేసినట్టు ఉంది, ఏంది పెదనాయనా అని అడిగింది. మొన్నటి వాన పదునుకే ఊరంతా ఇత్తినారు, ఈయన కదిలితే గదా, ఏ ఏడు ఆ మనిషిని అడక్కుండా గొర్రు ఎత్తినాడు ఈయన అంది వెంకటసుబ్బులమ్మ. చెన్నకేశవులు తువ్వాలు దులిపాడు. గొంతు సవరించుకున్నాడు. ఏమీ చెప్పలేదు. స్కూటీ మలుపు తిరిగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

వాన జల్లు కొట్టి పోయింది. తెల్లవారి, కోళ్లు దిగకముందే లేచి, కంప్యూటరున్న గది వైపు పోకుండా కొట్టంలోకి పోయి ఎద్దుల్ని విప్పాడు. విత్తే గొర్రు భుజానికెత్తుకున్నాడు. వెంకటసుబ్బులమ్మ కందులు ఒడిలో పోసుకుని వెనకే నడిచింది. నేల కాలికి మెత్తగా తగిలింది. చేని మొదట్లో నిలబడి, ఆమె గొర్రు గొట్టం పట్టుకుని మొదటి పిడికిలి తీసేదాకా చూసి, అడివి పక్కకు తల తిప్పకుండా ఎద్దుల్ని అదిలించాడు.